గడియ ఎవరి చేతిలో?

మా అత్తయ్యగారు కారులో చిక్కుకుపోయిన రోజున నేను మొట్టమొదట చేసిన ఘనకార్యం ఏమిటంటే, అద్దం మీద టకటకా కొట్టి, "అత్తయ్యగారూ, తలుపు తీసుకుని దిగండి" అనటం.

ఆవిడ లోపలినుంచి నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. తలుపు తీయగలిగితే ఆవిడ అక్కడెందుకు కూర్చుంటారు!

గుడివాడలో దగ్గర బంధువుల పెళ్లి. మే నెల, పదకొండు గంటల ఎండ. కళ్యాణమండపం ముందు కారాపి మా వారు దిగారు. నేనూ దిగి చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను. అత్తయ్యగారిది మోకాళ్ల నొప్పుల శరీరం, దిగటానికి కాస్త వ్యవధి కావాలని ఇద్దరికీ తెలుసు. తెలిసీ ఇద్దరమూ ఆ క్షణానికి మర్చిపోయాం. మా వారు నాలుగడుగులు వేసి, అలవాటు చొప్పున వెనక్కి తిరక్కుండానే చేతిలోని రిమోటు నొక్కేశారు. టక్కుమని తలుపులు పడ్డాయి. మళ్లీ నొక్కితే తెరుచుకోవాలి గదా, తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కారు. ఊహూఁ.

తాళంచెవి పెట్టి తిప్పితే డ్రైవరు తలుపు వచ్చింది. అక్కణ్ణుంచి వెనక్కి వంగి, ఆవిడ పక్కన ఎడమ తలుపు బొడిపె పైకి లాగబోతే అది ఎవరో లోపల పట్టుకు కూర్చున్నట్టు కదల్లేదు. కుడివైపుది లేచింది. కానీ ఆ తలుపు లోపలి పిడి లాగితే రాలేదు, బయటి పిడి లాగితేనే వచ్చింది. ఇక ఆవిడ ఆ పెద్ద సీటంతా అంగుళం అంగుళం జరిగి ఇవతలికి రావాలి. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. దిగేసరికి పట్టుచీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఎవరో మహాతల్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అది తాగి, ఊపిరి పీల్చుకుని, అత్తయ్యగారు అన్న మొదటి మాట ఇది: "బండిలోంచి దిగటానికి కూడా ఒకళ్ల అనుమతి కావాలటే అమ్మాయీ? మా నాన్న గూడుబండికి అసలు తలుపే లేదు."

ఏ మాటకామాట చెప్పుకోవాలి, నేను బి.ఏ.లో చదివింది చరిత్ర. మోటార్ల సంగతి నాకేం తెలుసు! కానీ ఆవిడ అన్న మాట చరిత్రకు సంబంధించింది. అది నన్ను పట్టుకుని వదల్లేదు.

మన ఇళ్లలో చూడండి. వీధి తలుపుకు రెండు ఏర్పాట్లుంటాయి. లోపలివైపు గడియ, బయటివైపు తాళం. గడియ ఇంట్లో ఉన్నవాళ్లది. వాళ్లే వేసుకుంటారు, వాళ్లే తీసుకుంటారు. తాళం ఇల్లు విడిచి వెళ్లేవాళ్లది. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. లోపల మనుషులుండగా బయట తాళం వేశారంటే దానికి మన భాషలో వేరే పేరుంది, నిర్బంధం. మరి కారు తలుపు దగ్గరికొచ్చేసరికి గడియా తాళమూ కలిసి ఒకే మరలో కూర్చున్నాయి. ఒక మీట నొక్కితే రెండూ పడతాయి. ఆ మీట ఎవరి చేతిలో ఉంటే గడియా వాళ్లదే, తాళమూ వాళ్లదే.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారుబండికి పేటెంటు తీసుకున్నప్పుడు దానికి తలుపులే లేవు. అత్తయ్యగారి గూడుబండి లాంటిదే అన్నమాట. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, కొడుకులిద్దరినీ ఎక్కించుకుని ఆ రకం బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్లకు పైనే దూరం. దారిలో ఇంధనం గొట్టంలో నలుసు అడ్డం పడితే టోపీకి గుచ్చుకున్న పిన్ను తీసి దాన్ని శుభ్రం చేసింది. ఒక తీగె ఒరుసుకుపోతుంటే మేజోడుకు కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. ప్రపంచంలో మోటారుబండి మీద మొదటి దూరప్రయాణం చేసినదీ, దారిలో రిపేరు చేసినదీ ఒక గృహిణే నన్నమాట. మా వారికి ఈ సంగతి చెబితే, "అందుకే గదా, ఆవిడ భర్తను వెంట తీసుకెళ్లలేదు" అన్నారు.

తర్వాత కార్లకు తలుపులొచ్చాయి, పైకప్పులొచ్చాయి, అద్దాలొచ్చాయి. బండి కాస్తా చిన్న గది అయింది. గది అయ్యాక తాళం రాక తప్పదు. అయితే తలుపు తాళానికి కరెంటు రావాలంటే ముందు బండిలో కరెంటుండాలి గదా. అది నిజంగా స్థిరపడింది 1912లో. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలెక్ట్రిక్ స్టార్టరును కాడిలాక్ కంపెనీ ఆ ఏడాది కార్లకు అమర్చింది. అంతకుముందు ముందువైపు ఇనప కడ్డీ పెట్టి బలమంతా ఉపయోగించి తిప్పితేగాని ఇంజను లేచేది కాదు. అది ఒక్కోసారి వెనక్కి తన్ని చేతి ఎముకలు విరగ్గొట్టేది. మీట నొక్కితే బండి లేవటం మొదలయ్యాక ఆడవాళ్లు ఒంటరిగా కారు తీసుకుని వెళ్లటం సుళువైంది. స్టార్టరు కోసం బ్యాటరీ వచ్చింది, బ్యాటరీ వెనకాలే ఒకటొకటిగా ఈ సదుపాయాలన్నీ వచ్చాయి.

మరో రెండేళ్లకే, 1914లో, డెట్రాయిట్‌లో స్క్రిప్స్-బూత్ అనే ఖరీదైన చిన్న కారుకు కరెంటుతో పనిచేసే తలుపు గడియ పెట్టారు. దాన్ని తయారుచేయించిన జేమ్స్ స్క్రిప్స్ బూత్ అసలు వృత్తి చిత్రకళ. ఎక్కడైనా ఇంతే, అవసరం కంటే ముందు అందం చూసేవాడికే ఇలాంటి ఆలోచనలొస్తాయి. లోకం మాత్రం ఆ గడియను పట్టించుకోలేదు. నలభై ఏళ్లపాటు ఆ ఊసు పెద్దగా వినబడలేదు.

మళ్లీ 1956. ఆ సంవత్సరం కారు తలుపు చరిత్రలో రెండు విధాల ముఖ్యమైంది. అప్పటిదాకా ప్రమాదం జరిగితే కారులోంచి బయటికి ఎగిరిపడ్డవాడు అదృష్టవంతుడని జనం నమ్మేవారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు వేలకొద్దీ ప్రమాదాల వివరాలు సేకరించి చూస్తే సంగతి తలకిందులుగా ఉంది. తలుపు ఊడి బయట పడ్డవాళ్లే ఎక్కువగా చచ్చిపోతున్నారు. దాంతో ఫోర్డు కంపెనీ 1956 మోడలు కార్లకు గుద్దుకున్నా ఊడని గట్టి తలుపు గొళ్లాలు పెట్టింది. అదే ఏడు ప్యాకార్డ్ కంపెనీ ఒక్క మీటతో తలుపులన్నీ తాళం పడే ఎలెక్ట్రిక్ ఏర్పాటును అమ్మకానికి పెట్టింది. ఒకరు తలుపును గట్టి చేశారు, ఒకరు ఆ తలుపు పగ్గాలన్నీ తెచ్చి ఒక్క చేతిలో పెట్టారు. ఆ రెండూ కలిసిననాడే మా అత్తయ్యగారి గుడివాడ ప్రయాణానికి పునాది పడిందనుకుంటాను. పాపం ప్యాకార్డు మాత్రం ఆ వైభవం అనుభవించలేదు. ఆ సంవత్సరం మధ్యలోనే డెట్రాయిట్‌లో దాని కార్ల తయారీ ఆగిపోయింది.

అన్నట్టు, కరెంటొక్కటే కాదు, గాలితో పనిచేసే తాళాలు కూడా ఉండేవి. 1970లలో జర్మనీ మెర్సిడెస్ కార్లలో ఇంజను పీల్చే గాలిని ఆసరా చేసుకుని, సన్నటి గొట్టాల ద్వారా ఒక్కొక్క తలుపులో ఉన్న రబ్బరు పొరను లాగేవారు. తలుపులు చప్పుడు లేకుండా, ఎంతో మర్యాదగా మూసుకునేవి. కానీ ఒక్క తలుపులో రబ్బరు పొర చిరిగితే చాలు, గాలి కారిపోయి మిగతా తలుపులు కూడా పనిచేయటం మానేసేవి. ఉమ్మడి కుటుంబంలో ఒకళ్లు అలిగితే ఇల్లంతా స్తంభించినట్టు.

మనకు ఈ గొడవలేవీ లేవు. 1950ల చివర వచ్చి 2014 దాకా తయారైన అంబాసిడరు కారును తలచుకోండి. కారు దిగాక ఇంటాయన చుట్టూ ప్రదక్షిణం చేసి ఒక్కొక్క తలుపూ లాగి చూసుకునేవాడు. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. అందులోనూ మొదట్లో అంతా చేతి పనే. ఆ తర్వాత చాలాకాలానికి, ఊళ్లలో కార్ల సామాన్ల దుకాణాలవాళ్లు సెంట్రల్ లాకింగ్ కిట్టు విడిగా తెచ్చి బిగించటం మొదలుపెట్టారు. అది పెట్టించుకున్నవాళ్లు ఆ టక్కుమనే చప్పుడు నలుగురికీ వినిపించేలా రెండుసార్లు నొక్కేవాళ్లు. నాకు తెలుసు, మా ఇంట్లోనూ నొక్కారు.

సరే, మా రిపేరు సంగతి. గుడివాడ నుంచి రాగానే మా వారు రిమోటులో గుండ్రటి సెల్లు మార్చారు. నేను ఎడమ తలుపు సందులో కొబ్బరినూనె పోశాను. రెండూ తప్పేనని విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ పెద్దాయన చెప్పాడు. కొబ్బరినూనె దుమ్ము పట్టి జిగురవుతుందట, చలికాలంలో గడ్డకడుతుందట. "తాళంచెవి కన్నంలో నూనె వద్దమ్మా, పెన్సిలు ముక్కు గీకి ఆ పొడి వేసుకోండి చాలు" అన్నాడు. ఇన్నాళ్లూ పెన్సిలుతో కథలే రాయొచ్చనుకున్నాను.

ఆయన పనిముట్టు పట్టుకునే ముందు చెవి పెట్టి విన్నాడు. నేను అదంతా పక్కన నిలబడి చూశాను గనక మీకూ చెబుతాను, ఎప్పుడైనా పనికొస్తుంది. రిమోటుతో తెరుచుకోకపోయినా లోపలి మీటతో తెరుచుకుంటుంటే అనుమానించాల్సింది ముందు రిమోటు సెల్లునే. రెండింటికీ ఏ తలుపూ పలక్కపోతే ఫ్యూజో, రిలేనో. అన్ని తలుపులూ నీరసంగా మూలిగితే కారు పెద్ద బ్యాటరీ దిగిపోతున్నట్టు. ఒక్క తలుపే మౌనంగా ఉంటే జబ్బు ఆ తలుపులోనే. మరి లోపల మోటారు తిరిగిన చప్పుడు వస్తున్నా బొడిపె కదలటం లేదంటే, మోటారునూ గొళ్లాన్నీ కలిపే ఇనప పుల్ల దగ్గర చిన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటుంది. దాని ఖరీదు దాదాపు ఏమీ ఉండదు, దాన్ని చేరుకోవటమే పని.

మాది రెండు జబ్బుల రోగి. డ్రైవరు తలుపుకూ కారు శరీరానికీ మధ్య, బందుల దగ్గర, ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపుకు వెళ్లే తీగెలన్నీ అందులోంచే పోతాయి. తలుపు తీసినప్పుడల్లా అవి వంగుతాయి, వేసినప్పుడల్లా నిటారవుతాయి. పదిహేనేళ్లు! అన్ని తలుపులకంటే ఎక్కువసార్లు తెరిచేది డ్రైవరు తలుపే గదా, అందుకని ముందు తెగేవి అక్కడి తీగెలే. పెద్దాయన ఆ రబ్బరు తొడుగు వెనక్కి లాగి ఒక తీగె చూపించాడు. పైకి నిక్షేపంగా ఉంది. వేలితో వంచితే లోపల రాగి తెగి పోగులు పోగులుగా ఉంది. "పై తొడుగు చూసి ఏం తెలుసుద్దమ్మా" అన్నాడు. మూయమనే కబురు తీసుకెళ్లే తీగె బాగుంది, తెరవమనే కబురు తీసుకెళ్లేది తెగింది. అందుకే ఆ రోజు మూసుకోవటం వచ్చిందిగాని తెరుచుకోవటం రాలేదు. తెగిన చివర్లు మెలిపెట్టి టేపు చుట్టేస్తే నెలకే మళ్లీ ఊడుతుందట. కొత్త ముక్క వేసి, సోల్డరింగు చేసి, పైన వేడికి బిగుసుకునే స్లీవు తొడిగాడు.

ఇక ఎడమ తలుపు. బ్యాటరీ తీగె తప్పించి, పిడి వెనక దాగిన స్క్రూలు విప్పి, చుట్టూ క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీస్తే లోపలి డోర్ ప్యాడ్ చేతికొచ్చింది. దాని వెనక అంటించిన ప్లాస్టిక్ పేపరుంది. దాన్ని చింపకుండా పైకి మడిచాడు. అది మళ్లీ సరిగ్గా అంటించకపోతే మొదటి వానకే కాళ్ల దగ్గర నీళ్లు చేరతాయి. నెల తర్వాత కారులో ముక్క వాసనొస్తే ఆ పాపం మెకానిక్‌దేనని తెలుసుకోండి. తర్వాత బ్యాటరీ మళ్లీ కలిపి, మోటారుకు వెళ్లే రెండు తీగెలకూ చిన్న బల్బు తగిలించి నన్ను మీట నొక్కమన్నాడు. మూస్తే ఒక్క క్షణం వెలిగింది, తెరిస్తే ఒక్క క్షణం వెలిగింది. అంటే కరెంటు నిక్షేపంలా వస్తోంది, తప్పు మోటారుదే. ఇంతకీ ఆ రెండు తీగెల్లో రహస్యమేమిటంటే, కరెంటు ఇటునుంచి అటు పోతే తలుపు మూసుకుంటుంది, అటునుంచి ఇటు వస్తే తెరుచుకుంటుంది. అంతే. ఇంత రాద్ధాంతమూ ఆ దిశ మార్చటం కోసమే. విప్పి చూపించిన మోటారు నా బొటనవేలంత ఉంది. దాని ప్లాస్టిక్ పళ్ల చక్రం సగం అరిగి, విరిగిన పన్ను ఒకటి అడ్డంగా ఇరుక్కుపోయింది. నేను ఎంత లాగినా బొడిపె లేవకపోవటానికి కారణం ఆ బియ్యపుగింజంత ముక్క.

అప్పుడు పెద్దాయన తలుపు అంచు మీద, గొళ్లానికి కాస్త కింద, ఒక చిన్న మీట చూపించాడు. "ఇది వేసి పెట్టారేంటమ్మా? ఇంట్లో చిన్న పిల్లలున్నారా?"

అది చైల్డ్ లాక్. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు, నడిచే కారులో తలుపు తీస్తాడేమోనని వేశాం. వాడిప్పుడు ఇంజినీరింగు రెండో సంవత్సరం. ఆ మీట పైకుంటే వెనక తలుపు లోపలి పిడి ఊరికే అలంకారం, ఎంత లాగినా రాదు. అంటే ఈ పదిహేనేళ్లూ మా అత్తయ్యగారు కూర్చున్న తలుపు ఆవిడ తీయగల తలుపు కాదు. ఎక్కడికెళ్లినా నేనో ఆయనో దిగి తలుపు తీసి చేయి అందించేవాళ్లం. అది మా మర్యాద అని ఆవిడ అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

ఆటోనగర్ బల్ల మీద కూర్చుని నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

రిమోటు చరిత్ర కూడా రెండు మాటల్లో చెప్పేస్తాను. 1982లో ఫ్రాన్సులో రెనో ఫ్యూగో కారుకు దూరం నుంచి తాళం తీసే మీట వచ్చింది. రూపకర్త పేరు పాల్ లిప్‌షుట్స్. ఆయన పేరు మీదే ఫ్రెంచివాళ్లు ఆ మీటను 'ప్లిప్' అన్నారు. తర్వాత రేడియో తరంగాలొచ్చాయి. మొదట్లో రిమోటు ఎప్పుడూ ఒకే గుర్తుమాట పలికేది. దొంగలు దాన్ని పట్టి దాచుకుని మళ్లీ వినిపించటం నేర్చారు. దానికి విరుగుడుగా నొక్కినప్పుడల్లా గుర్తుమాట మారే పద్ధతి పుట్టింది. అందులో బాగా వాడుకలోకి వచ్చినదొకటి 1980లలో దక్షిణాఫ్రికాలో తయారైంది. కారూ రిమోటూ ఒకే వరసలో మాటలు లెక్కపెట్టుకుంటూ పోతాయన్నమాట. అందుకే పిల్లలకు రిమోటు ఆటవస్తువుగా ఇవ్వకండి. కారుకు దూరంగా వందలసార్లు నొక్కితే రిమోటు ముందుకు పోయి, కారు వెనకబడి, ఒకదాన్నొకటి గుర్తుపట్టటం మానేయవచ్చు. ఇక జేబులోంచి తీయకుండానే తెరుచుకునే తాళాలూ వచ్చాయి. 2011లో స్విట్జర్లాండ్‌లో జూరిక్ పరిశోధకులు పది కార్లు తీసుకుని, ఇంట్లో ఉన్న తాళం సంకేతాన్ని కారు దాకా సాగదీసి పదింటినీ తెరిచి చూపించారు. అలాంటి తాళం మీకుంటే రాత్రిపూట మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బాలో పెట్టుకోండి. లోహపు పెట్టెలోకి ఆ తరంగాలు సులభంగా దూరలేవు. పాత పోపుల డబ్బా బ్రహ్మాండంగా పనికొస్తుంది. దొంగను ఓడించటానికి వంటింటి సామాను చాలటం నాకెందుకో మహా తృప్తిగా ఉంది.

చూశారా, ఇన్నేళ్లూ తెలివంతా బయటివాణ్ణి రానీయకుండా ఉండటానికే ఖర్చయింది. లోపలివాళ్లు బయటికి రావటం గురించి గట్టిగా అడిగింది ఎవరని వెతికితే నాకు ఒక అమెరికన్ ఆవిడ కనిపించింది. పేరు జానెట్ ఫెనెల్. 1995 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక రాత్రి ఆవిడా భర్తా ఇంటికి తిరిగొచ్చి కారు షెడ్డులో పెడుతుండగా ముసుగుల దొంగలు తుపాకులు చూపించి ఇద్దరినీ వెనక డిక్కీలో వేసి మూసేశారు. వెనక సీటులో తొమ్మిది నెలల పసివాడు. బిడ్డ ఏమయ్యాడో తెలీదు, కారు ఎక్కడికి పోతోందో తెలీదు. ఆ చీకట్లో చేతికి తగిలిన తీగెలు లాగుతూ తడుముకుంటూ ఉంటే చివరికి డిక్కీ తెరిచే తీగె దొరికింది. అలా బయటపడ్డారు. బిడ్డను దొంగలు ఇంటిముందే వదిలేసి పోయారు, క్షేమంగా దొరికాడు.

మనలాంటివాళ్లమైతే దేవుడికి మొక్కు తీర్చుకుని ఆ సంగతి మర్చిపోవటానికి ప్రయత్నిస్తాం. ఆవిడ అలా చేయలేదు. ఇలా డిక్కీల్లో చిక్కుకున్నవాళ్ల వివరాలు ఎక్కడెక్కడివో వెతికి పోగుచేసింది. వందలకొద్దీ దొరికాయి. కంపెనీలకూ ప్రభుత్వానికీ రాసింది. 1998 వేసవిలో, మూడు వారాల్లో, మూడు వేరువేరు చోట్ల, ఆడుకుంటూ డిక్కీల్లోకి దూరి పదకొండుమంది పిల్లలు చనిపోయారు. అప్పుడు కదిలింది ప్రభుత్వం. 2001 సెప్టెంబరు 1 నుంచి అమెరికాలో తయారయ్యే కార్ల డిక్కీ లోపల, చీకట్లో మెరిసే ఒక పిడి ఉండి తీరాలని నియమం వచ్చింది. డిక్కీకి గడియ దొరికిందన్నమాట, లోపలివైపున.

మనదేశంలోనూ అలాంటి తేదీ ఒకటుంది. 2019 జులై 1. ఆ రోజు నుంచి తయారయ్యే కార్లకు ఎయిర్‌బ్యాగు, వేగం మించితే మోగే హెచ్చరికలతో పాటు, సెంట్రల్ లాకింగును చేత్తో విడిపించుకునే ఏర్పాటు కూడా ఉండాలన్నారు. కరెంటు పోయినా, బ్యాటరీ నీళ్లలో మునిగినా తలుపు చేతికి లొంగాలి. అదే రోజు నుంచి తయారయ్యే టాక్సీలలో వెనక తలుపులకు చైల్డ్ లాక్ ఉండకూడదన్నారు. ఎందుకో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ముందు సీటులో పరాయి మనిషి, వెనక సీటులో ఒంటరిగా ఆడపిల్ల, లోపలి పిడి ఊరికే అలంకారం. మా తలుపు అంచున ఉన్న ఆ చిన్న మీట, నా బిడ్డను కాపాడిందదే. ఇంకొకరి బిడ్డకు అదే బోను.

నియమం రాసినంత మాత్రాన సరిపోతుందా అంటే లేదు. 2025 మే నెలలో మన విజయనగరం జిల్లా ద్వారపూడిలో, ఆగి ఉన్న కారులోకి ఆటగా ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఎండలో ఆగిన కారులో మొదటి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నాలుగు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. గుడివాడలో మా పన్నెండు నిమిషాలు గుర్తొచ్చి ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలో ఒక పేరున్న ఎలెక్ట్రిక్ కారు మీద ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. చిన్న బ్యాటరీ నీరసించి బయటి పిడులు పనిచేయక, లోపల పసిపిల్లలు ఉండిపోయి, తల్లిదండ్రులు అద్దాలు పగలగొట్టుకోవలసి వచ్చిందని ఫిర్యాదులు. 1914 నుంచి ఇంత దూరం వచ్చి!

మా కారు తలుపు సాయంత్రానికి సిద్ధమైంది. కొత్త మోటారు, అతికిన తీగె, గొళ్లానికి తెల్ల గ్రీజు. బేరమాడబోతున్న మా వారిని నేనే వారించాను. చైల్డ్ లాక్ మీటను పెద్దాయన స్క్రూడ్రైవరుతో కిందికి దించబోతుంటే, "ఉండండి, అది నేను దించుతాను" అన్నాను. ఆయన నవ్వి పక్కకు జరిగాడు.

అత్తయ్యగారికి ఇంటి దగ్గర అంతా వివరించి చెప్పాను, బెర్తా బెంజ్‌తో సహా. ఆవిడ శ్రద్ధగా విని, "అంటే ఇన్నేళ్లూ మీరు నన్ను పిల్లదాన్ని చేసి కూర్చోబెట్టారన్నమాట" అన్నారు. కోపంగా కాదు గానీ, నవ్వుతూ కూడా కాదు. నేనేమీ అనలేకపోయాను.

ఇప్పుడు ఎక్కడికి బయల్దేరినా ఆవిడ ముందు వెనక సీటులో కూర్చుంటారు. తలుపు వేయిస్తారు. లోపలి పిడి లాగి తీస్తారు. మళ్లీ వేసుకుంటారు. "ఆఁ, ఇక పోనీయ్ నాయనా" అని ఆవిడ అన్నాకనే మా వారు బండి స్టార్టు చేస్తారు.